తెర కోసం పాఠం ఆపకండి: బెంగళూరు ప్రాథమిక పాఠశాలల యాజమాన్యాలకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన యాజమాన్యాలకు, కరస్పాండెంట్లకు, ప్రిన్సిపాళ్లకు

నమస్కారం.

నేనుండేది కె.ఆర్.పురం. సొంతూరు మదనపల్లె పక్కన. స్కూళ్లలో కంప్యూటర్ల మెయింటెనెన్సు నా పని. రామమూర్తినగర్ మొదలుకొని హోసకోట దాకా, ఓల్డ్ మద్రాస్ రోడ్డుకు అటూ ఇటూ ఉన్న స్కూళ్లలో ల్యాబులు, గోడకు బిగించి పాఠాల వీడియోలు చూపించే పెద్ద తెరలు (టచ్ ప్యానెళ్లు), యూపీఎస్‌లు, ట్యాబులు చూస్తుంటాను. మా పిల్లలిద్దరూ ఈ పక్కనే ఒక స్కూల్లో చదువుతున్నారు, ఒకరు రెండో తరగతి, ఒకరు నాలుగు. మీకు బిల్లు పంపేదీ నేనే, మీకు ఫీజు కట్టేదీ నేనే అన్నమాట. కంప్యూటర్ల మీద నాకు కోపమేం లేదు. అవి నడిస్తేనే మా ఇంట్లో పొయ్యి వెలుగుతుంది.

రేకుల షెడ్డులో బడి మొదలుపెట్టి, అప్పులు చేసి, మూడంతస్తులు లేపి మా పిల్లలకు చదువు చెబుతున్నవాళ్లు మీలో చాలామంది ఉన్నారు. ఆ కష్టం దగ్గర్నుంచి చూశాను. అందుకే ముందు బయట మాట్లాడలేదు. మా పిల్లల స్కూల్లో తల్లిదండ్రులం కలిసి అర్జీ ఇచ్చాం. మేనేజ్‌మెంట్ దృష్టికి తీసుకెళ్తామన్నారు. ఏమైందని మళ్లీ అడిగాం. జవాబు రాలేదు గానీ, పేరెంట్స్ వాట్సాప్ గ్రూపులో అడ్మిన్లు తప్ప ఎవరూ మెసేజ్ పెట్టకుండా సెట్టింగు మారింది. ఆ స్కూలు పేరు ఇక్కడ రాయను. ఇది ఆ ఒక్క స్కూలు సంగతి కాదు.

తెలుగులో రాయడానికి కారణం ఉంది. ఈ పక్క స్కూళ్లు నడిపేవాళ్లలో చాలామంది ఇంట్లో తెలుగే మాట్లాడతారు. ఫీజు కట్టేవాళ్లలో అనంతపురం, హిందూపురం, చిత్తూరు నుంచి వచ్చిన డ్రైవర్లు, మేస్త్రీలు, పీజీల్లో వంటవాళ్లు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు అందరూ ఉన్నారు. ఇంగ్లీషు సర్క్యులర్ చదివి తలాడించే వాళ్లకి కూడా ఈ లేఖ అర్థం కావాలి.

మా మాట సూటిగా ఇది. ప్రాథమిక తరగతుల్లో కంప్యూటరు వద్దని మేం అనడం లేదు. అది ఏ నిమిషాలను తినేస్తోందో చూడమంటున్నాం. పిల్లాడు రాయాల్సిన, చదవాల్సిన, టీచరుతో మాట్లాడాల్సిన నిమిషాలను తెరకి అప్పజెబితే నష్టం. అవన్నీ అయ్యాక, వాటికి అదనంగా పెడితే లాభం ఉండొచ్చు. ఇది నా సొంత తెలివి కాదు, కింద చెబుతాను.

1. తెర పాఠానికి తోడు రావడం లేదు, పాఠం కుర్చీలో కూర్చుంటోంది.

మొన్నామధ్య ఒక స్కూల్లో రెండో తరగతి గదిలో ప్యానెల్ టచ్ పనిచెయ్యట్లేదంటే వెళ్లాను. లెక్కల పీరియడ్. 42లోంచి 17 తీసివేత. తెర మీద పదుల కట్ట దానంతటదే విడిపోయి, పది పుల్లలై ఒకట్ల గడిలోకి జారింది. మ్యూజిక్ వచ్చింది, 25 అని జవాబు పడింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. నేను ప్యానెల్ ఆపి విప్పడం మొదలుపెట్టాక, టీచరమ్మ వేరే దారి లేక బీరువాలోంచి చీపురుపుల్లల కట్టలు తీసింది. ముందు బెంచీలో పాపకి నాలుగు కట్టలు, రెండు విడిపుల్లలు ఇచ్చి, నాకు పదిహేడు ఇవ్వమ్మా అంది. పాప ఒక కట్ట ఇచ్చింది. చేతిలో రెండే విడిపుల్లలు. ఏడు ఎక్కణ్ణుంచి తేవాలో తెలీక టీచరు ముఖంకేసి చూసింది. టీచరు ఏమీ చెప్పలేదు. కాసేపటికి పాప ఇంకో కట్టకున్న రబ్బరు బ్యాండు లాగేసింది. లెక్కపెడితే తొమ్మిదే వచ్చాయి. పదోది బెంచీ కిందికి దొర్లింది. వంగి, వెతికి, తెచ్చుకుని, మళ్లీ మొదట్నుంచి లెక్కపెట్టి ఏడు పుల్లలు ఇచ్చింది.

తెర మీద ఈ పనంతా తెరే చేసేసింది. పిల్లలకు మిగిలింది చప్పట్లు.

అరగంటలో రిపేరు అయిపోయింది. ప్యానెల్ వెలగ్గానే పుల్లలు బీరువాలోకి పోయాయి. ఆ టీచరమ్మను నేను ఒక్క మాట అనను. ఆ వీడియో చూపించినట్టు ఆ రోజు టిక్ పడాలి, పడకపోతే కోఆర్డినేటర్‌కి సంజాయిషీ చెప్పుకోవాలి.

గుజరాత్‌లో జ్ఞానశాల అనే సంస్థ బడుల్లో రెండు, మూడు తరగతుల పిల్లల మీద లీ లిండెన్ అనే ఆర్థికవేత్త చేసిన అధ్యయనం 2008లో వచ్చింది. లెక్కల సాఫ్ట్‌వేర్ ఒక్కటే. కొన్ని బడుల్లో దాన్ని మామూలు పాఠం సమయంలో, పాఠం బదులు పెట్టారు. కొన్నిచోట్ల బడి సమయం అయ్యాక అదనంగా పెట్టారు. అదనంగా పెట్టినచోట పిల్లలు ముందుకెళ్లారు. పాఠం బదులు పెట్టినచోట, సాఫ్ట్‌వేరే లేని పిల్లల కంటే వెనకబడ్డారు. అదే సాఫ్ట్‌వేర్, అదే వయసు పిల్లలు. మీ టైమ్‌టేబుల్ ఈ రెండింట్లో ఏ పక్క ఉందో ఒక్కసారి చూసుకోండి.

2. టీచరు రాని రోజు ప్యానెల్ ఆయా అవుతోంది.

రిపేరుకి తెరిచినప్పుడు బ్రౌజర్ హిస్టరీ నాకు కనబడుతుంది. పాఠాల లింకులు తక్కువ, రైమ్స్, కార్టూన్లు ఎక్కువ. ఒకటి అయ్యాక ఇంకోటి దానంతటదే మొదలవుతుంది, మధ్యలో యాడ్లు. టీచరు సెలవు పెడితే, ఆ పీరియడ్‌కి ఇంకొకరిని పంపే బదులు ఒక ఆయమ్మను గుమ్మంలో కూర్చోబెట్టి ప్యానెల్ ఆన్ చేస్తున్నారు. కోవిడ్ కాలంలో, 2020 జూలైలో, కేంద్ర విద్యాశాఖ ప్రజ్ఞాత అనే మార్గదర్శకాలు ఇచ్చింది. ఒకటి నుంచి ఎనిమిది తరగతులకు రోజుకు 30 నుంచి 45 నిమిషాల సెషన్లు రెండు, అంతకు మించొద్దు అంది. బడులన్నీ మూతపడి, వేరే దారి లేని రోజుల్లోనే గంటన్నర చాలన్నారు. మన కర్ణాటకలో అయితే ఆ ఏడు జూన్‌లో ఐదో తరగతి దాకా ఆన్‌లైన్ క్లాసులే వద్దని ప్రభుత్వం ఆదేశించింది. జూలైలో హైకోర్టు దాని అమలును ఆపింది, అది వేరే సంగతి. ఇప్పుడు బడి తెరిచే ఉంది, టీచరు ఎదురుగానే ఉన్నారు, అయినా కొన్ని గదుల్లో పొద్దున వెలిగిన ప్యానెల్ సాయంత్రం దాకా ఆరడం లేదు.

ఐదు నుంచి పదేళ్ల పిల్లలకు రోజంతా కలిపి తెర సమయం 2 గంటల లోపే ఉండాలని భారత పీడియాట్రిక్స్ అకాడమీ చెబుతోంది. స్కూల్లోనే ఆ రెండు గంటలూ అయిపోతే, ఇంటికొచ్చి ఫోన్ అడిగే పిల్లాడికి ఏ ముఖం పెట్టుకుని వద్దనాలి మేం?

3. సేల్స్ వాళ్లు చూపించే పరిశోధనలను చివరిదాకా చదవండి.

మీ ఆఫీసులో డెమో ఇచ్చేటప్పుడు నేను పక్క గదిలో కేబుల్ లాగుతూ విన్నవే ఇవి. వడోదర పేరు తప్పకుండా వస్తుంది. నిజమే, అక్కడ మునిసిపల్ బడుల్లో నాలుగో తరగతి పిల్లలకు కంప్యూటర్ మీద లెక్కల ఆటలు పెడితే మార్కులు బాగా పెరిగాయి. ఆ అధ్యయనం 2007లో అచ్చయింది, రాసినవాళ్లలో అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డఫ్లో ఉన్నారు. డెమోలో చెప్పని సంగతులు చెబుతాను. వాళ్లు పెట్టింది వారానికి రెండే గంటలు, అందులో ఒక గంట బడి సమయానికి బయట. ఒక కంప్యూటరు దగ్గర ఇద్దరు పిల్లలు. పథకం ఆగిన ఏడాదికి ఆ లాభంలో చాలా భాగం కరిగిపోయింది. అదే పరిశోధనలో ఇంకో పద్ధతీ ఉంది: వెనకబడ్డ పిల్లల్ని రోజూ రెండు గంటలు పక్కకి తీసుకెళ్లి అక్షరాలు, అంకెలు నేర్పడానికి ఆ బస్తీ అమ్మాయినే ఒకరిని పెట్టుకోవడం. ఆ బాలసఖి పద్ధతీ పనిచేసింది, ఖర్చు లెక్కన చూస్తే కంప్యూటర్ల కంటే చాలా చవక. మీ వీధిలో డిగ్రీ చదివి ఇంట్లో ఉన్న అమ్మాయిలు ఎంతమంది లేరు?

తర్వాత ఢిల్లీలో వాడిన మైండ్‌స్పార్క్ అనే చదువు సాఫ్ట్‌వేర్ గురించి చెబుతారు. అది కూడా గట్టి అధ్యయనమే, 2019లో వచ్చింది, లెక్కల్లో, హిందీలో పిల్లలు బాగా మెరుగుపడ్డారు. కానీ వాళ్లు ఆరు నుంచి తొమ్మిది తరగతుల పిల్లలు. బడి అయ్యాక సెంటరుకి వెళ్లి, 45 నిమిషాలు కంప్యూటరు, ఇంకో 45 నిమిషాలు చిన్న గుంపుగా మనిషి దగ్గర పాఠం. సాఫ్ట్‌వేర్ ప్రతి పిల్లాడి స్థాయిని బట్టి ప్రశ్న మారుస్తుంది. మీ గోడకున్న ప్యానెల్ నలభైమందికి ఒకే వీడియో చూపిస్తుంది. రెంటికీ పోలికెక్కడ?

అన్నిటికన్నా దగ్గరి ఉదాహరణ మన ఊళ్లోనే ఉంది. సాఫ్ట్‌వేర్ డబ్బుతో పుట్టిన అజీమ్ ప్రేమ్‌జీ ఫౌండేషన్ తొలినాళ్లలో వేలాది ప్రభుత్వ బడుల్లో కంప్యూటర్ సాయంతో చదువు అనే కార్యక్రమం నడిపింది. ఏళ్ల తరబడి చేసి, అనుకున్న ఫలితం రాలేదని వాళ్లే బాహాటంగా చెప్పి, టీచర్ల శిక్షణ మీదికి మళ్లారు. డబ్బుకీ ఇంజినీర్లకీ కరువు లేనివాళ్లకు ఎదురైన అనుభవం అది.

4. ల్యాబులో నలుగురికి ఒక మౌస్.

ఫోటోలో ల్యాబు బాగుంటుంది. పీరియడ్‌లో ఎవరు నేర్చుకుంటున్నారో చూడాలంటే మౌస్ ఎవరి చేతిలో ఉందో చూడాలి. ఇంట్లో ల్యాప్‌టాప్ ఉన్న పిల్లాడే మౌస్ అందుకుంటాడు, వాడికి తెలుసు కాబట్టి. పక్కనున్న ఇద్దరూ వాడికి సలహాలు చెబుతారు. నాలుగో పాప చివర నిలబడి మౌస్ వైరు పట్టుకుని ఉంటుంది. వాళ్ల నాన్న ఏ అపార్ట్‌మెంట్లోనో సెక్యూరిటీ. ఏ పిల్లకైతే స్కూలు కంప్యూటరు నిజంగా అవసరమో, ఆ పిల్లకే అది అందడం లేదు. ఫీజు మాత్రం నలుగురూ సమానంగా కడుతున్నారు.

ఇంకో చిన్న సంగతి, మీరెవరూ గమనించి ఉండరు. ఒకటో తరగతి పిల్లలకు అప్పుడే చిన్న అక్షరాలు నేర్పుతారు. కీబోర్డు మీద ఉండేవన్నీ పెద్ద అక్షరాలే. తన పేరు టైపు చెయ్యమంటే పిల్ల వెతికేది నోటుబుక్కులో రాసిన ఆకారం కోసం, అది ఎక్కడా ఉండదు. పీరియడ్ సగం అక్కడే పోతుంది. పాస్‌వర్డ్ కొట్టడానికి ఇంకో పావుగంట.

యంత్రాల సంగతి కూడా ఉన్నదున్నట్టు చెప్పాలి. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. నేను చూసే ల్యాబుల్లో ఎక్కువ భాగం ఇంకా అదే. విండోస్ 7 నడుస్తున్నవీ ఉన్నాయి, దాని గడువు 2020 జనవరిలోనే తీరింది. వీటిని పారేసి కొత్తవి కొనమని మీకు చెబుతారు. అక్కర్లేదు. ఈ పాత కంప్యూటర్లలోనే విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ వేసి, చిన్నపిల్లల కోసం చేసిన జీకాంప్రి, టక్స్ పెయింట్ లాంటివి ఉచితంగా పెట్టుకోవచ్చు. కేరళ ప్రభుత్వ బడులు ఎన్నో ఏళ్లుగా స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మీదే నడుస్తున్నాయి. లైసెన్సు డబ్బులు మిగులుతాయి. ఈ మాట చెప్పినందుకు నాకు కమిషన్ ఇచ్చేవాళ్లు తిట్టుకుంటారు, తిట్టుకోనివ్వండి.

5. ఇంటిపని యాప్‌లో పెడితే, అది పిల్లాడి పని కాదు, నాన్న ఫోను పని.

ఇది మా ఇళ్లల్లో రోజూ జరిగే రగడ. సాయంత్రం ఏడింటికి యాప్‌లో వర్క్‌షీట్ వస్తుంది. క్యాబ్ నడిపే మనిషి ఫోను ఆయన డ్యాష్‌బోర్డు మీద ఉంటుంది, ఆయన ఇంటికొచ్చేది రాత్రి పదకొండింటికి. పీజీలో వంట చేసే తల్లికి ఉన్నది బటన్ ఫోన్. పిల్లాడు నిద్రపోతాడు, తెల్లారి యాప్‌లో ఎర్ర గుర్తు. క్లాసులో ఎవరెవరు చెయ్యలేదో ప్యానెల్ మీద పేర్లు చూపిస్తారు. ఏడేళ్ల పిల్లాడు ఏం తప్పు చేశాడు అక్కడ? రెండు ఇళ్లవతల ఉండే మేస్త్రీ ఒకాయన ఈ ఎర్ర గుర్తులు భరించలేక వాయిదాల మీద రెండో ఫోన్ కొన్నాడు. ఇప్పుడు ఆ ఫోన్లో పిల్లాడు గేమ్స్ ఆడుతున్నాడని మళ్లీ నా దగ్గరికే వచ్చాడు, లాక్ పెట్టమని.

2020లో వచ్చిన స్కూల్ బ్యాగ్ విధానం రెండో తరగతి దాకా ఇంటిపనే వద్దంటోంది. కాగితం మీద వద్దన్నది యాప్‌లో ఎలా సరైంది?

6. కోడింగ్, ఏఐ పేరుతో ఒకటో తరగతికి బిల్లు వేయడం.

జాతీయ విద్యావిధానం 2020 కోడింగ్‌ని పెట్టమన్నది మాధ్యమిక దశలో, అంటే ఆరో తరగతి నుంచి. మూడో తరగతి నుంచి ఏఐ, గణన ఆలోచన పాఠ్యాంశం 2026-27లో తెస్తామని కేంద్ర విద్యాశాఖ 2025లో ప్రకటించింది, సరే. ఆ కబురు రాగానే ఎల్‌కేజీకి రోబోటిక్స్ కిట్టు అని బ్రోషర్లు వచ్చేశాయి. చిన్న తరగతుల్లో గణన ఆలోచన అంటే వరస కట్టడం, గుంపులుగా వేరుచెయ్యడం, ఒక పనిని మెట్లు మెట్లుగా చెప్పడం. ముగ్గుకి చుక్కలు పెట్టడంలో అది ఉంది, అష్టాచమ్మాలో ఉంది. దానికి ల్యాప్‌టాప్ అక్కర్లేదు. అర్థం చేసుకుంటూ చదవడం, కూడికలు తీసివేతలు మూడో తరగతి ముగిసేలోపు ప్రతి పిల్లకీ రావాలని కేంద్రం పథకం నిపుణ్ భారత్ 2021లో లక్ష్యం పెట్టింది. అది తేలకముందే కోడింగ్ సర్టిఫికెట్లు గోడకు తగిలించుకుని ఏం చేస్తాం?

7. ట్యాబు ఎవరి దగ్గర కొనాలో మీరే చెప్పడం.

స్కూలు కౌంటర్లో అమ్మే ట్యాబులాంటిదే కంప్యూటర్ల బజారు ఎస్.పి.రోడ్డులో ఎంతకొస్తుందో నాకు తెలుసు, మీకూ తెలుసు. మిగతా డబ్బు కంటెంటుకి అంటారు. పాఠ్యపుస్తకాల్లోని క్యూఆర్ కోడ్‌తో తెరుచుకునే ప్రభుత్వ దీక్షా పోర్టల్ 2017 నుంచి ఉచితంగానే ఉంది. రసీదులో స్మార్ట్ క్లాస్, డిజిటల్ కిట్, యాక్టివిటీ అని మూడు పేర్లు రాస్తారు. ఏది దేనికో అడిగితే చెప్పేవారు లేరు. కొన్నాళ్లకు ఆ ట్యాబుల్లో కొన్నిటి బ్యాటరీ ఉబ్బుతుంది. ఉబ్బిన బ్యాటరీ ఉన్న ట్యాబుని పిల్లాడి బ్యాగులో పెట్టి పంపడం ప్రమాదం. ఈ ముక్క తండ్రిగా కాదు, టెక్నీషియన్‌గా చెబుతున్నాను.

8. పిల్లల వివరాలు ఎక్కడికి పోతున్నాయి?

యాప్‌లో మా పిల్లల ఫోటో, పుట్టినరోజు, ఇంటి అడ్రసు, ఏ ప్రశ్నకి ఎన్నిసార్లు తప్పు చెప్పారో అన్నీ ఉన్నాయి. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం పద్దెనిమిదేళ్ల లోపు అందర్నీ పిల్లలుగానే చూస్తుంది, తల్లిదండ్రుల అనుమతి అడుగుతుంది. దాని నియమాలు 2025 నవంబర్‌లో వచ్చాయి. విద్యాసంస్థలకు కొంత సడలింపు ఉంది, అది చదువుకీ పిల్లల భద్రతకీ సంబంధించినంత మేరకే. ట్యూషన్ కంపెనీల నుంచి మాకు పిల్లల పేరూ క్లాసూ చెప్పి మరీ ఫోన్లు వస్తున్నాయి. ఎవరిచ్చారని అడిగితే అందరూ ఆకాశంకేసి చూస్తున్నారు.

ఇక మంచి మాట కూడా చెప్పాలి, చెప్పకపోతే అన్యాయం. ఇదే రోడ్డులో ఒక చిన్న స్కూల్లో, మొత్తం బడికి ఒకటే ప్రొజెక్టరు. మూడో తరగతి టీచరు తన ఫోన్ కెమెరాని పిల్లల నోటుబుక్కు మీద పట్టుకుని, ఆ పేజీని గోడ మీద వేస్తుంది. ఒక పిల్లాడు గుణకారం ఎలా చేశాడో అందరూ చూస్తారు. ఎక్కడ తప్పిందో పిల్లలే పట్టుకుంటారు, తెలుగులో కొందరు, కన్నడలో కొందరు, మధ్యలో ఇంగ్లీషు. ఆ టీచరు ఏ భాషలో ప్రశ్న వస్తే ఆ భాషలో జవాబిస్తుంది. ఏ కంపెనీ వీడియో అయినా ఆ పని చేస్తుందా? పిల్లలు గట్టిగా చదువుతుంటే రికార్డు చేసి వాళ్లకే వినిపిస్తుంది. ఎక్కడ ఆగామో వాళ్లే గుర్తుపడతారు. వర్తూరు చెరువు, బెళ్లందూరు చెరువు ఉపగ్రహ చిత్రాల్లో పాతవీ కొత్తవీ పక్కపక్కన పెట్టి చూపిస్తుంది. పది నిమిషాలు చూపించి ఆపేస్తుంది. ఆ బడికి వెళ్తే నాకు పెద్దగా పని దొరకదు.

మాధ్యమం మార్చమని మేం అడగడం లేదు. ఏ మాధ్యమంలో చదవాలన్నది తల్లిదండ్రుల ఇష్టమని 2014లో సుప్రీంకోర్టు కర్ణాటక కేసులోనే తేల్చింది, ఇంగ్లీషు మీడియం మేం ఏరికోరి ఎంచుకున్నదే. కానీ ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడ, పుస్తకంలో ఇంగ్లీషు ఉన్న ఆరేళ్ల పిల్లకి, ఆ మూడింటి మధ్య అటూ ఇటూ తిరిగే మనిషి ఒకరు కావాలి. ఆ మనిషిని ప్యానెల్ పక్కన క్లిక్కు నొక్కడానికి నిలబెట్టకండి.

అందువల్ల మేం కోరేవి:

1. ఒకటి, రెండు తరగతుల్లో పిల్లల చేతికి ట్యాబు వద్దు. ప్యానెల్ టీచరు అవసరమనుకున్నప్పుడు, టీచరు గదిలో ఉన్నప్పుడు మాత్రమే. టీచరు లేని పీరియడ్‌కి మనిషిని పంపండి.

2. మూడు నుంచి ఐదు తరగతులకు కంప్యూటర్ పీరియడ్ ఇద్దరికి ఒక యంత్రం లెక్కన, సెక్షన్‌ని రెండు గుంపులు చేసి నడపండి. మౌస్ సగం సమయానికి చేయి మారాలి. లెక్కలు, భాషల పీరియడ్లలోంచి ఒక్క నిమిషం కూడా దానికి తీయకండి.

3. ఏ వీడియో వేయాలో, అసలు వేయాలో వద్దో టీచరుకే వదిలేయండి. వీడియోల టిక్కుల లెక్క టీచర్ల పనితీరుకి కొలత కాకూడదు. యాక్టివిటీ ఫోటోలు ఏ రోజువి ఆ రోజే అప్‌లోడ్ చెయ్యాలన్న నియమం ఎత్తేయండి. ఆ సమయంలో నోటుబుక్కులు దిద్దుతారు.

4. రెండో తరగతి దాకా యాప్ ఇంటిపని పూర్తిగా ఆపండి. ఆపైన ఇస్తే, అదే పని కాగితం మీద కూడా ఇవ్వండి. చెయ్యని పిల్లల పేర్లు తెర మీద వేయడం రేపటి నుంచే మానండి. దీనికి మీటింగు కూడా అక్కర్లేదు.

5. డిజిటల్ పేరుతో వసూలు చేసే ప్రతి రూపాయీ దేనికో రసీదులో విడివిడిగా రాయండి. ట్యాబు ఎక్కడైనా కొనుక్కునే వీలివ్వండి. పాత ట్యాబుల బ్యాటరీలు టర్ముకోసారి పరీక్ష చేయించండి, మా పిల్లల స్కూలుకి ఆ పని నేను ఉచితంగా చేసిపెడతాను.

6. ఏ కంపెనీకి మా పిల్లల ఏ వివరాలు ఇచ్చారో రాతపూర్వకంగా చెప్పండి. ఇకమీద ఇచ్చేముందు సంతకం తీసుకోండి, వద్దన్నవాళ్ల పిల్లల్ని వేరుగా చూడకండి.

7. ఈ సాఫ్ట్‌వేర్ కాంట్రాక్టులు విద్యాసంవత్సరం చివర్లో రెన్యూ అవుతాయని బిల్లులు చూసే నాకు తెలుసు. ఈసారి సంతకం పెట్టేముందు తల్లిదండ్రుల్నీ చిన్న తరగతుల టీచర్లనీ ఒక శనివారం పిలిచి, ఆ మెటీరియల్ చూపించి, అభిప్రాయం తీసుకోండి. మీటింగు సాయంత్రం పెట్టండి, పగలు పెడితే రోజుకూలి పోతుందని సగం మంది రారు.

పదిహేను రోజుల్లో జవాబు కోరుతున్నాం. రాకపోతే సంతకాలతో ఇదే లేఖని కన్నడలోకి మార్చి బ్లాక్ ఎడ్యుకేషన్ ఆఫీసర్‌కి ఇస్తాం.

ఇట్లు,
కె.ఆర్.పురం, రామమూర్తినగర్ ప్రాంత తల్లిదండ్రుల తరఫున
స్కూలు కంప్యూటర్లు బాగుచేసే ఒక తండ్రి